గోడవైపు సీటు

తొమ్మిదో తరగతిలో కాంపోజిట్ లెక్కలు తీసుకున్న మొదటిరోజే, పదో తరగతి చదివే అక్క ఒకామె మా బెంచీ దగ్గరికి వచ్చి నా ఓణీకి ఒక పిన్నీసు గుచ్చింది. "లెక్కల సారు పీరియడ్ల గోడదిక్కు కూసో. అంచుకు కూసోకు," అంది. ఎందుకక్కా అంటే, "కూసోమంటే కూసో" అని కసిరి వెళ్లిపోయింది. పిన్నీసు ఓణీ జారకుండా అనుకున్నాను. గోడ సంగతి మాత్రం అంతుపట్టలేదు.

శాలిబండలో సర్కారు బడి మాది. ఆడా మగా కలిసే చదివేవాళ్లం. డెబ్బైల మొదట్లో మాట ఇది. ఆడపిల్లలు చాలావరకు జనరల్ లెక్కలు, కుట్లు తీసుకునేవారు. కాంపోజిట్ లేకపోతే ఇంటర్‌లో లెక్కల గ్రూపు దొరకదు. నాకు ఆ గ్రూపే కావాలి. లెక్క తేలితే అన్నం కూడా గుర్తొచ్చేది కాదు నాకు. మా క్లాసులో కాంపోజిట్ ఆడపిల్లలం ఒక్క బెంచీకి సరిపోయేవాళ్లం.

ఆ గోడవైపు సీటుతో ఒక చిక్కుంది. ఎండ బోర్డు మీద పడి మెరిసేది, అక్కడి నుంచి చూస్తే సగం అంకెలు కనబడేవి కావు. పక్కపిల్ల రాసింది చూసి రాసుకోవడమే. కొన్నాళ్లు ఓపిక పట్టి, ఒకరోజు ఒళ్లు మండి బెంచీ అంచుకు వచ్చి కూర్చున్నాను.

సారు లెక్క ఇచ్చి, బెంచీల మధ్య తిరుగుతూ వచ్చి నా వెనక ఆగాడు. "ఏదీ, చూపించు" అని వంగాడు. వీపు మీద చెయ్యి పడింది. పడ్డ చెయ్యి లేవలేదు, కదలడం మొదలుపెట్టింది. నోటితో మాత్రం నా లెక్కలో తప్పు ఎక్కడుందో చెబుతూనే ఉన్నాడు. ఆ తప్పు నిజంగా తప్పే. పిన్నీసు ఉన్న సంగతే గుర్తు రాలేదు.

ఆయన ముందు బెంచీకి వెళ్లాక పక్కపిల్లల వైపు చూశాను. వాళ్ల ముఖాల్లో ఆశ్చర్యం లేదు. ఒకమ్మాయి జరిగి గోడ పక్క నాకు కాస్త చోటిచ్చింది. పిన్నీసు ఓణీ కోసం కాదని, ఆ చేతికి గుచ్చడానికని అప్పుడు తెలిసింది. చెయ్యి పడినందుకంటే, బెంచీ మొత్తానికి తెలిసిన సంగతి అయినందుకే ఎక్కువ బిత్తరపోయాను.

మాది గౌలిపుర, పాలవాళ్లం. సాయంత్రం అమ్మ కొట్టంలో బర్రె పాలు పితుకుతుంటే పక్కన కూర్చుని చెప్పాను. అమ్మ చేతులు ఆగిపోయాయి. పాలు చేపిన బర్రె విసుక్కుని కాలు ఝాడించి తపేలాను తన్నేసింది. "పోతె పోనీ తియ్," అంది అమ్మ. చుక్క ఒలికితే ఇల్లెగిరిపోయేలా అరిచే మనిషి నోట ఆ మాట విని నాకు భయమేసింది.

మర్నాడు అమ్మ నాతో బడికి వచ్చింది. మా పెద్దమేడం అమ్మ చెప్పిందంతా తలవంచుకుని విన్నది. ఆడమనిషి కదా, ఇక సారు పని అయిపోయిందనుకున్నాను.

"అందుకే నేను ఆడపిల్లలకు జనరల్ లెక్కలే మేలంటాను," అంది మేడం. "రేపటి నుంచి అందరినీ అందులోకి మార్చేస్తాను. ఇంక ఏ గొడవా ఉండదు."

"తప్పు జేసింది ఆయన గదమ్మా. నా బిడ్డ లెక్కలెందుకు బంద్ వెడుతున్నరు?"

"ఆడపిల్ల పరువు గురించి కూడా ఆలోచించాలి కదమ్మా. లొల్లి ఎందుకు?"

మర్నాటి నుంచి నేను జనరల్ క్లాసులో కూరగాయల లాభనష్టాలు వేస్తూ కూర్చున్నాను. పై గదిలో ఆ సారు గొంతు రోజూ వినబడుతూనే ఉండేది. గ్రూపు చేజారిపోతోందని ఏడుపొచ్చేది.

మా గౌలి ఇళ్లలో ఒక కట్టుబాటుంది. ఎవరితోనైనా గట్టిగా చెడితే ఆ ఇంటికి రోజూ పోసే వాడిక పాలు బంద్ చేస్తారు. ఒక గౌలి బంద్ చేసిన ఇంటికి ఇంకో గౌలి పొయ్యరు. ఆ ఇంటివాళ్లే కొట్టానికి వచ్చి నలుగురిలో కారణం అడగాలి, వీళ్లు నలుగురిలోనే చెప్పాలి. లెక్కల సారు ఇంటికి వాడిక పాలు పోసేది మేమే. అమ్మ బంద్ చేసింది.

తెల్లారేసరికి సారు భార్య చెంబు పట్టుకుని వచ్చింది. ఎదురుగా పితికించుకుని పాలు తీసుకుపోయే ఆడవాళ్లు అప్పటికే కొట్టం నిండా ఉన్నారు.

"మా పాలెందుకు బంద్ చేసినవక్కా?" అని అడిగింది.

అమ్మ దాచకుండా చెప్పింది. నేను దూడ పక్కన నక్కి చూస్తున్నాను. ఆమె అమ్మ మీద విరుచుకుపడుతుందనుకున్నాను. ఆమె చెంబులోకి చూస్తూ, "నా బిడ్డను గా బళ్లె ఎందుకెయ్యలేదనుకున్నవ్?" అంది.

వెనక నుంచి ఒకామె, "మా పెద్దదాన్ని గందుకే బడి మాన్పించిన. ఇంట్ల పనుందని అందరికి చెప్పిన," అంది. ఇంకొకామె, "మాదానికి పిన్నీసు నేనే ఇచ్చి తోలిన," అంది.

నేను గుడ్లప్పగించి వాళ్లను చూశాను. రోజూ నా గడ్డం పుణికి, బాగా చదువు బిడ్డా అనే వాళ్లే వీళ్లంతా. ఎవరి పిల్లను వాళ్లు చల్లగా పక్కకు తప్పించుకున్నారు, నన్ను బెంచీ మీదికి పోనిచ్చారు. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు భగ్గుమంటుంది.

"అందరికెరుకేనా!" అని అరిచింది అమ్మ. "ఒక్కలన్న నాకు జెప్పిన్రా? సిగ్గు షరం లేదా మనకు? నడువున్రి."

అట్లే కదిలారు, చెంబులతోనే. బడి తెరవగానే పెద్దమేడం గదిలో నేల మీద కూర్చున్నారు, వాళ్ల వెనకే నేనూ. "ఆయనన్న వోవాలె, మేమన్న గీడనే ఉండాలె," అంది అమ్మ. మేడం మొదట కసురుకుంది, తర్వాత బతిమాలింది. ఇంతలో కిటికీలోంచి చూస్తే గేటు బయట సారు భార్య నిలబడి ఉంది. లోపలికి రాలేదు, ఇంటికీ పోలేదు. ఆమెను చూశాక మేడం, సారును ఈ బడి నుంచి తియ్యమని పై ఆఫీసుకు కాగితం రాయడానికి కూర్చుంది.

ఆ నెల దాటకముందే కొత్త సారు వచ్చాడు. ఆడపిల్లల బెంచీ మళ్లీ పై గదికి చేరింది. నేను అంచుకే కూర్చున్నాను, బోర్డంతా కనబడింది. పాత సారు ఏమయ్యాడని ఎవరో అడిగితే కొత్త సారు మామూలుగానే చెప్పాడు: "మూసీ అవతల ఆడపిల్లల బడికి వేశారు. అక్కడ లెక్కలు చెప్పేవాళ్లు లేరట."

ఆడపిల్లల బడికి! ఇంటికి పరుగెత్తి అమ్మకు చెప్పాను. అమ్మ బర్రె వీపు నిమిరింది.

"గా బడి కాడ పాలెవలు పోస్తరో ఎరుకేనా?" అంది.

తెలియదన్నాను. మర్నాడు పాలు పితకడం పిన్నికి అప్పజెప్పి అమ్మ చెప్పులేసుకుంది. అక్కడి పిల్లలకు ఇద్దామని నేను పిన్నీసుల అట్ట తెచ్చి చేతిలో పెడితే తీసుకోలేదు.

"పిన్నీసులెందుకే? పిన్నీసులు ఇచ్చుకుంట కూసునే గింతదాంక తెచ్చుకున్నం," అని నది వైపు నడిచింది.