విప్పని అంచు

మా అమ్మ మిరప కోతలకు వెళ్లేది. ఆమె వెనకే తిరిగిన నాకు చిన్నప్పటి ఆకలి ఇంకా గుర్తే. పర్చూరులో కుట్టు మిషన్ పెట్టుకుని నా కాళ్ల మీద నేను నిలబడ్డాక ఒకటే అనుకున్నాను, నా కూతురి నోట ఆకలి అన్న మాట రాకూడదని.

రానిస్తేగా! బడి నుంచి రాగానే మిషన్ పక్కన కూర్చోబెట్టి, చేతిలో చిప్స్ పొట్లం, ఒళ్లో ఫోను పెట్టేదాన్ని. పిల్ల కదలదు, నా కుట్టు ఆగదు. బుగ్గలు ఎంత ముద్దుగా ఉన్నాయో అని ఎవరైనా అంటే పొంగిపోయేదాన్ని.

నాలుగో తరగతిలో దాని యూనిఫాం గౌను నేనే కుట్టాను. ఎదిగే పిల్ల కదా అని పక్కలకీ, కింద అంచుకీ లోపల గుడ్డ బాగానే వదిలాను. సంక్రాంతి వెళ్లేసరికి మూడోసారి పక్క కుట్లు విప్పుతున్నాను. అప్పుడే వాళ్ల టీచరు గారు జాకెట్టు కోసం వచ్చారు.

"చూడండి టీచర్ గారూ, ఎలా ఎదిగిపోతోందో! ఏడాది తిరక్కుండా మూడుసార్లు విప్పాను" అన్నాను గొప్పగా.

ఆవిడ గౌను తిరగేసి కింద అంచు చూశారు. "మరి దీన్ని ఒక్కసారీ విప్పలేదేమ్మా?"

పిల్ల అడ్డంగా పెరిగిందే గానీ పొడుగవలేదు. ఊళ్లో అందరి కొలతలూ తీసేదాన్ని, నా పిల్ల కొలత నాకు తెలియలేదు. నిజం చెప్పాలంటే ముందు ఒళ్లు మండింది. నా పిల్ల తిండి మీద ఈవిడ కన్నెందుకు అనుకున్నాను.

ఆవిడ గొంతు తగ్గించారు. "ఖోఖోకి రావడం మానేసింది. పరిగెత్తితే ఆయాసం వస్తోందట. అమ్మకి చెప్పొద్దు, బాధపడుతుంది అంది. దాన్ని ఒక్క మాట అనకు. అన్నం తగ్గించకు. ఆ పొట్లాలు మాత్రం ఇంట్లోకి తేకు. సాయంత్రం కాసేపు నువ్వే దానితో ఆడు."

తొమ్మిదేళ్ల పిల్ల నాకోసం ఆయాసం దాచుకుందని తెలిసి ఏడుపు ఆగలేదు.

పొట్లాలు మానేశాను. మూడు రోజులు ఇల్లు పీకి పందిరేసింది. తర్వాత ఉడకబెట్టిన వేరుశెనక్కాయలూ జామకాయలూ తినడం మొదలుపెట్టింది. సాయంత్రం మిషన్ మీద గుడ్డ కప్పేసి, ఇంటి ముందు తొక్కుడుబిళ్ల గీశాను. నాలుగు గళ్లు గెంతేసరికి రొప్పుతూ కూలబడ్డాను.

"అమ్మా, నీక్కూడా ఆయాసమేనా!" అని పడీ పడీ నవ్వింది. ఎన్నాళ్లకి విన్నానో ఆ నవ్వు.

ఏడాది గడిచింది. మొన్న అదే గౌను పట్టుకొచ్చి, "పొట్టిదైపోయింది, ఖోఖోలో మోకాళ్లు కనపడుతున్నాయి" అని గొడవ. పక్క కుట్ల జోలికి వెళ్లలేదు. బ్లేడు తీసి కింద అంచు విప్పాను. వెలిసిన గుడ్డ కింద, ఎండ తగలని కొత్త రంగు రెండంగుళాలు బయటపడింది. ఎంత ఇస్త్రీ చేసినా ఆ తేడా పోలేదు.

"కనపడుతోందమ్మా" అంది.

"కనపడనీ. బడికి వెళ్లగానే ముందు టీచర్ గారికి చూపించు" అన్నాను.