టచ్ స్క్రీన్ పక్కన తడి గుడ్డముక్క

కామారెడ్డి జిల్లా ఏర్పడిన కొన్నేళ్లకు, ఒక మార్చి నెలలో, నేను జిల్లా రవాణా అధికారిగా అక్కడ చేరాను. వారం తిరక్కుండానే ఇంకో బాధ్యత మీద పడింది. డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలను కాగితాల నుంచి కంప్యూటర్లకు మార్చాలి; జిల్లాలో ఆ పనికి నేనే పెద్దను. నాకంటే కంప్యూటర్ తెలిసినవాళ్లు మా సిబ్బందిలోనే నలుగురున్నారు. అయినా నన్నే పెట్టారంటే, బేరం బాగా ఆడతానని పేరుంది కాబట్టి.

ఆ పేరు ఊరికే రాలేదు. మా బాపుది కిరాణం దుకాణం, మా గల్లీ అంతా దుకాణాలే. సరుకును పట్టి చూడకుండా తీసుకోవద్దని అక్షరాలకంటే ముందు నేర్చుకున్నవాణ్ని. ఆ ధీమాతోనే యంత్రాలు ఇచ్చే కంపెనీ మనిషి ముందు కూర్చున్నాను.

బండి నేర్చుకునేవాళ్లకు మొదట ఇచ్చేది లెర్నర్ లైసెన్సు. దానికి తెరమీద ఇరవై ప్రశ్నలు వస్తాయి. ఒక్కోదానికి అర నిమిషం, పన్నెండు ఒప్పయితే పాస్. అది చేతికొచ్చిన ముప్పై రోజులకు గానీ బండి నడిపి చూపించే అసలు పరీక్షకు రానివ్వరు. జవాబు నొక్కడానికి కంపెనీ ఇస్తానన్నది తాకే తెర, దాని పక్కన నాలుగు మీటల డబ్బా. తెర ఉండగా మీటలెందుకు, వాటి బదులు ప్రశ్నలను తెలుగులో చదివి వినిపించే ఏర్పాటు ఇవ్వమన్నాను. అతను గునిసి గునిసి ఒప్పుకున్నాడు. ఒకసారి వచ్చిన ఫలితాన్ని జిల్లాలో ఎవరూ, నేనైనా సరే, మార్చలేకుండా తాళం కూడా వేయించాను. ఏజెంట్ల పైరవీలు దాంతో ఆగుతాయని నా లెక్క. సిబ్బందీ నేనూ అందరం వరసగా కూర్చొని పరీక్ష రాసి చూశాం. ఎక్కడా తేడా రాలేదు. ఆ రోజు నా భుజం నేనే తట్టుకున్నాను.

ఎల్లారెడ్డిలో మా క్యాంపు వారానికి ఒక్కసారే. మొదటి క్యాంపుకు తెరలు జీపులో వేసుకొని పోయాం. పది గంటలకు బాలమణి అనే ఆమె కూర్చుంది. నలభై దాటి ఉంటాయి, బీడీలు చుట్టే మనిషి. పది నిమిషాలకు తెరమీద ఫెయిల్ అని పడింది. ఆమె లేవలేదు. మావాళ్లు వచ్చే వారం రమ్మంటే నేరుగా నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"సారూ, నాకు జవాబులన్ని ఎరుకే. ఒత్తిన. అది ఇనలే."

"అందరిదీ విన్నది గదమ్మా?"

"అందరి ముచ్చట నాకెందుకు సారూ? వచ్చే నెల మా ఊళ్లె చెత్త ఎత్తే ఆటో ఇస్తున్నరు. లైసెన్సు ఉన్న ఆడోళ్లకే. వారం ఆగితె ఆ ఆటో ఇంకొకలకు పోతది."

రోజులు లెక్కపెట్టి చూశాను. ఆమె చెప్పింది నిజమే. ముప్పై రోజుల గడువు ఆ రోజే మొదలుకాకపోతే అందదు. కామారెడ్డిలో స్లాట్లూ నిండిపోయాయి. రికార్డు తెరిపించాను. ఒప్పు, తప్పు, స్పందన లేదు అని మూడు గడులుంటాయి. ఆమె ఇరవై ప్రశ్నలూ మూడో గడిలోనే ఉన్నాయి. ఏమీ తెలియనివాళ్లు కూడా గుడ్డిగా ఏదో ఒకటి నొక్కుతారు కదా!

ప్రాక్టీసు తెర పెట్టి నేను నొక్కాను, పలికింది. ఆమె నొక్కింది, ఉలకలేదు. వేళ్లు చూపించమన్నాను. తంబాకు పొడికి కొసలు ఎండి, గట్టిపడి, గీతలన్నీ చెరిగిపోయి ఉన్నాయి. వెనక వరసలో ఇంకో ఇద్దరు బీడీలు చుట్టేవాళ్లు వాళ్ల వేళ్లు వాళ్లు చూసుకుంటున్నారు. వాళ్లలో ఒకామె, "సారు దుకాణపోళ్ల కొడుకట, గీ డబ్బాను ఎట్ల కొన్నడే?" అంది. నాకు వినపడాలనే అంది.

ఉపాయం కూడా బాలమణిదే. "ఆకు ఎండితె తడిగుడ్డల చుట్టి పెడ్తం, అప్పుడు మాట ఇంటది. వేలుకు గూడ గంతే అనుకుంట." కొంగు కొస తడిపి, వేలు అద్ది నొక్కింది. తెర పలికింది.

ఇక మిగిలింది నేను వేయించిన తాళం. పై అధికారికి ఫోన్ చేశాను. ఆయన నవ్వి, ఫలితం మార్చే అధికారం వద్దని ఉత్తరం రాసింది మీరే కదా అన్నారు. మార్చమనడం లేదు, ఇరవైకి ఇరవై స్పందన లేకపోతే అది పరీక్షే కాదు, యంత్రం లోపం కింద రాయమంటున్నాను అన్నాను. ఆయన ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. మీటలు వద్దన్నది నేనేనని, వాడేవాళ్ల చేత పరీక్షించకుండానే తెరలు తీసుకున్నానని సంజాయిషీ రాసి పంపాలి. అది నా సర్వీసు ఫైల్లో ఉంటుంది. కనీసం భాష మెత్తగా ఉండనివ్వమని బేరం పెట్టాను. కుదరదన్నారు. రాసి సంతకం చేశాను.

మధ్యాహ్నం రెండింటికి బాలమణి మళ్లీ కూర్చుంది. తెర పక్కన సాసర్‌లో తడి గుడ్డముక్క పెట్టాం. ఇరవైలో పద్దెనిమిది వచ్చాయి. పోయిన రెండింట్లో ఒకటి ఆస్పత్రి ముందు హారన్ గురించి.

"హారన్ కొట్టొద్దంటె ఆడ పండుకున్న బర్రెలు ఎట్ల లేస్తయి సారూ?" అని నన్నే అడిగింది.

వెనక వరసలోని ఆ ఇద్దరూ అదే గుడ్డముక్కతో పాసయ్యారు. ముప్పై రోజులు కాగానే బాలమణి బండి నడిపి చూపించింది. ఆటో ఆమెకే వచ్చింది. మీటల డబ్బాల కోసం నేను మళ్లీ అదే కంపెనీ మనిషి ముందు కూర్చోవాల్సి వచ్చింది. ఈసారి గునిసింది నేను. అవి వచ్చేదాకా ఎల్లారెడ్డి జీపులో సాసర్ కూడా సామాను జాబితాలో ఉండేది.

ఆ సంజాయిషీ నా ఫైల్లో ఇప్పటికీ ఉంటుంది. ఉన్నందుకు నాకు బాధ లేదు. సరుకును పట్టి చూడటం దుకాణంలోనే వచ్చింది. దాన్ని వాడబోయే చేతికిచ్చి చూడాలన్నది బాలమణి దగ్గర నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా ఏ కొత్త యంత్రం వచ్చినా మొదటి పరీక్ష ఎల్లారెడ్డిలోనే పెట్టించాను. మా సిబ్బందికి వంతు ఆఖరున వచ్చేది.