చెవి దగ్గర ఊపిరి

పూర్ణా మార్కెట్లో, పట్టపగలు పదకొండు గంటలకి, ఒక పెద్దమనిషిని ఉత్తపుణ్యానికి తిట్టాను. "ఏటయ్యా, మీదెక్కీసి నిలబడ్డావ్? సోటు లేదేటి?" అని. వెనక్కి తిరిగి చూస్తే ఆయన నాకు నాలుగడుగుల దూరంలో వంకాయలు ఏరుకుంటున్నాడు. బిత్తరపోయి నా వంక చూశాడు. సిగ్గేసి ముందుకు తిరిగాను. చెవి పక్కన ఊపిరి మాత్రం ఆగలేదు. మూటలు దించేవాళ్ళ కేకలు, ఆటోల హారన్లు, అంత గోలలోనూ నా ఎడమ చెవి పక్కనే, తీరిగ్గా, లోపలికీ బయటికీ ఎవరో ఊపిరి తీస్తున్నారు. వంకాయలు కొనకుండానే బస్సెక్కేశాను.

అప్పటికి నాకు కడుపు తగ్గించే ఆపరేషన్ అయి ఏడు నెలలు. నూట పన్నెండు కిలోల మనిషిని డెబ్బై నాలుగుకి దిగాను. జుట్టు ఊడుతుందన్నారు, ఊడింది. తీపి తింటే గుండెదడ అన్నారు, వచ్చింది. రెండు ముద్దలు ఎక్కువైతే వాంతి, అదీ అయింది. వీటన్నిటికీ సిద్ధపడే వెళ్ళాను. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరిస్తే ఎలా? కానీ పక్కన ఎవరో నిలబడి ఊపిరి తీస్తారని ఏ డాక్టరూ చెప్పలేదు.

నేను మల్కాపురంలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి చెప్తాను. ఆ వారమంతా హాజరు పిలుస్తుంటే నా గొంతు నాకే నూతిలోంచి వచ్చినట్టు వినబడింది. ప్రతి పేరూ నాతోపాటు నా తలలో ఇంకొకరు పిలుస్తున్నట్టుండేది. మధ్యాహ్నం పిల్లలంతా అన్నాలకి పోయాక ఖాళీ గదిలో కూర్చుంటే ఇక అది తప్ప ఇంకేమీ ఉండేది కాదు. నేను మెట్లెక్కితే అదీ రొప్పేది. నేను కూర్చుంటే అదీ నెమ్మదించేది. నీ ఊపిరే కదమ్మా అని మీరు తేలిగ్గా అనేస్తారు. నలభై మూడేళ్ళు వినబడని నా ఊపిరి ఇప్పుడెందుకు వినబడాలి? భయం వేసింది. స్టాఫ్ రూములో ఎవరికీ చెప్పలేదు, పిచ్చిదంటారని.

మా అత్తకి చెప్పాను. ఆవిడ నాకు అత్తే కాదు, సొంత మేనత్త కూడా, మా నాన్నకి అక్క. అందుకే మా మధ్య మీరు, గీరు లేవు. దెబ్బలాడుకున్నా ఇద్దరం ఒకే నోటితో దెబ్బలాడుకుంటాం. ప్రతి బుధవారం మా ముందుగదిలో ఆడవాళ్ళ ప్రార్థన జరిగేది ఆవిడ పెద్దరికంలోనే.

ఆ బుధవారం నన్ను మధ్యలో మోకరించమన్నారు. మోకాళ్ళ మీద కూర్చుని నుదురు చాప మీద ఆనించాను. టక్కున ఆగిపోయింది. అంత నిశ్శబ్దం, వారం రోజుల తర్వాత. ఏడుపొచ్చింది నాకు. "ఆగిపోయిందత్తా" అంటూ తల ఎత్తాను. తల ఎత్తగానే మళ్ళీ చెవిలో ఊపిరి. వంగాను, లేదు. లేచాను, ఉంది.

ప్రార్థనకొచ్చిన ఆడవాళ్ళు కొంచెం వెనక్కి జరిగి కూర్చున్నారు. అత్త మాత్రం నా చెయ్యి వదల్లేదు. "సూసేరా? మోకాలేత్తే పారిపోతంది. లేత్తే వొచ్చెత్తంది. కోసిన కాడ్నించి ఏదో దూరిందే నీలోకి" అంది. కడుపు మీద ఐదు చిన్న మచ్చలున్నాయి నాకు. ఆ మాటతో అవి ఐదూ చల్లబడ్డాయి.

మూడు రోజుల ఉపవాసం పెట్టింది. తోడుగా తనూ కూర్చుంది. ఆవిడకి షుగరు, రెండు పూటలా ఇన్సులిన్, ఎడమ కాలి బొటనవేలికి నెల్లాళ్ళుగా మానని పుండు. అందుకని మజ్జిగ తాగుతూ సూది సగం వేసుకుంది. నేను మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మూడు రోజులూ దాదాపు మోకాళ్ళ మీదే ఉన్నాను. చూసినవాళ్ళంతా ఎంత భక్తో అన్నారు. భక్తీ లేదు, పాడూ లేదు. తల నేలకి ఆనిస్తే అది ఉండదు, అంతే. మూడో రోజు తల ఎత్తేసరికి ఊపిరితోపాటు గుండె కొట్టుకోవడం కూడా వినబడింది. నాలోపల ఉన్నది బలిసిందనుకున్నాను.

ఆదివారం చర్చిలో అత్త పాస్టరు గారితో ముందే చెప్పేసింది, మా కోడలికి విడుదలొచ్చింది, సాక్ష్యం చెప్తుంది అని. మా సంఘంలో మేలు పొందినవాళ్ళు మైకు పట్టుకుని అందరి ముందూ చెప్పాలి. లేచి నిలబడ్డాను. అత్త ముందు వరసలో కూర్చుని, నీరసంతో మొహం పీక్కుపోయి, నా వైపు చూస్తోంది. ఆ మొహం చూస్తూ నిజం చెప్పడానికి నోరు రాలేదు. "దేవుడు నన్ను విడిపించాడు. ఇప్పుడు నాకేమీ వినబడటం లేదు" అన్నాను. ఆ మాట అంటున్నంతసేపూ అది నా చెవిలో ఊపిరి తీస్తూనే ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున అత్త ఇన్సులిన్ వేసుకోలేదు.

"ఇక ఏసుకోను. నీకు జరిగింది నాకు జరగదేటి?" అంది, పుండు మీద నూనె రాసుకుంటూ. డాక్టరు మాట చెప్పాను, బతిమాలాను, అరిచాను. నవ్వింది. సాయంత్రం మా బావకి, అంటే నా మొగుడికి చెప్పాను. రిఫైనరీలో కాంట్రాక్టు ఫిట్టరు, అలిసిపోయి వచ్చాడు. "నువ్వే సాచ్చం సెప్పి నువ్వే కాదంటే అమ్మ ఇంటాదేటి?" అన్నాడు. కొరివితో తల గోక్కున్నాను. అబద్ధం చెప్పానని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆ ఒక్క ముక్కే రాలేదు.

గురువారానికి అత్త చెంబులకి చెంబులు నీళ్ళు తాగుతోంది. వేలు నల్లబడి, గదిలోకి వెళ్తే వాసన. నేను స్కూలుకి సెలవు పెట్టి చెవి డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. చెవికి ఒక రబ్బరు గొట్టం పెట్టి, రెండో కొస ఆయన చెవిలో పెట్టుకున్నాడు. కాసేపు విని, "వినబడుతోందమ్మా, నాక్కూడా" అన్నాడు. ఇన్నాళ్ళూ నాకొక్కదానికే అనుకున్నది ఇంకొక మనిషి చెవిలోకి వెళ్ళింది.

ముక్కు వెనక నుంచి చెవికి సన్నటి దారి ఉంటుందట. మామూలుగా మూసుకునే ఉంటుందట. చుట్టూ ఉన్న కొవ్వు ఒక్కసారిగా కరిగితే అది తెరుచుకుపోయి, మన ఊపిరి మన చెవిలోనే పడుతుందట. తల దించితే రక్తం దిగి ఉబ్బి మూసుకుంటుంది. నీళ్ళు మానేస్తే ఇంకా తెరుచుకుంటుంది. "బాగా నీళ్ళు తాగండి, ఇక తగ్గకండి, కుదిరితే రెండు మూడు కిలోలు పెరగండి" అన్నాడు. ఇంకో రోజైతే ఇంత కోయించుకుని మళ్ళీ లావెక్కాలా అని పోట్లాడేదాన్నే. ఆ రోజు రబ్బరు గొట్టం ఇమ్మని అడిగాను. ఇచ్చాడు.

ఆటోలోంచే బావకి ఫోన్ చేశాను, అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, వెంటనే రమ్మని. ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని చెప్పేశాను.

"నాను అబద్ధం సెప్పేనత్తా. ఒక్క రోజు కూడా ఆగలేదది."

కళ్ళు సగం తెరిచింది. "అది నీ సేత అలగ అనిపిత్తంది" అంది.

గొట్టం ఒక కొస నా చెవిలో, రెండోది ఆవిడ చెవిలో పెట్టాను. ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది. అత్త మొహం మెల్లిగా బిగుసుకుంది. ఆవిడ చూపు నా భుజం మీదుగా వెనక్కి వెళ్ళింది, అక్కడెవరైనా ఉన్నారా అని. నేను తల మోకాళ్ళ దాకా వంచాను. పైకెత్తాను. మళ్ళీ వంచాను, మళ్ళీ ఎత్తాను. ఎత్తిన ప్రతిసారీ ఆవిడ వేళ్ళు గొట్టాన్ని గట్టిగా నొక్కుతున్నాయి. కోసిన చోట దూరినదేదో ఇప్పుడు తన చెవిలోకి వచ్చేస్తుందని భయపడిందని నాకు తెలుస్తోంది. అయినా తీసెయ్యలేదు.

చాలాసేపటికి, "ఇది నువ్వేనే" అంది.

"నానేనత్తా."

"మరి అంతమంది ముందర..."

"ఆదివారం మైకు నానే అడుగుతాను."

నా మీద నుంచి చూపు తిప్పుకుని, చీర కుచ్చిళ్ళు కాస్త జరిపి, పొట్ట చూపించింది. ఫ్రిజ్‌లోంచి మందు తెచ్చి, గొట్టం కొస మళ్ళీ నా చెవిలో పెట్టుకున్నాను. పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని సూది గుచ్చాను. గొట్టం ఇంకా ఆవిడ చెవిలోనే ఉంది.

"ఊపిరి తియ్యే" అంది అత్త. "ఆపీసేవేటి?"