గుల్ల మోత

పందొమ్మిది వందల అరవైల చివర్లో మా పక్క క్వార్టర్‌లో ఉండే కాక గోదావరిఖని బొగ్గుబాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. చర్చిలో పగిలిన గిటారు బాగుచేయబోయి, సొంతంగా గిటార్లు చేసే పిచ్చిలో పడ్డాడు.

ఏ చెక్కనైనా వేలితో కొట్టి చెవి ఒగ్గేవాడు. బాయిలో కప్పునూ కర్రతో అలాగే కొట్టి వింటారు. గుల్లగా మోగిందంటే బండ ఊడిపడబోతోందని అర్థం, పరుగెత్తాలి. గిటారు ముందు పలకకు మాత్రం ఆ గుల్ల మోతే కావాలి. చెక్కను చిత్రిక పట్టి పల్చన చేస్తేనే అది వస్తుంది. రావడం మొదలవగానే కాక చెయ్యి ఆగిపోయేది. అలా నాలుగు గిటార్లు మందంగా, మూగగా మిగిలిపోయాయి.

ఐదోది చర్చిలో వాయించే నాకోసం మొదలుపెట్టాడు. "ఈసారి ఆపకు కాకా" అన్నాను.

"నేను ఆపుతున్ననా బిడ్డా? చెయ్యే ఆగుతున్నది. మా తమ్ముని మీద కప్పు కూలిననాడు గీ మోతే ఇన్న. ఇంకొక్క దుంగ నిలవెట్టి పోదామని నేనే వాన్ని ఆపిన."

పళ్ళు బిగబట్టి చిత్రిక పట్టాడు. వేలితో కొట్టాడు. చెక్క గుల్లగా, నిండుగా మోగింది.

"వచ్చింది కాకా" అన్నాను. ఆయన వినలేదు. చిత్రిక విసిరేసి, నా చొక్కా పట్టుకుని వాకిట్లోకి ఈడ్చుకొచ్చాడు.

"ఉరుకు తమ్మీ," అంటున్నాడు, "దుంగ గింగ ఏమొద్దు, ఉరుకు."