రాముడి పాదాల దగ్గర పెట్టిన ఫైలు

సారక్క మెట్టు కిందే చెప్పులు విడిచి షాపులోకి వచ్చింది. చండ్రుగొండలో జిరాక్సు తీయించుకోవడానికి వచ్చేవాళ్లెవరూ చెప్పులు విడవరు. ఒక్క నాగలత షాపులోనే ఆ పద్ధతి ఉంది. ఆమె ఎవరినీ విడవమని అడిగింది లేదు. పొద్దున్నే కంప్యూటరుకు అగరొత్తి చూపించి, దండం పెట్టుకుని గానీ స్విచ్చి వేయదు. అది చూసిన వాళ్లు తమంతట తామే విడవడం మొదలుపెట్టారు.

సారక్క భర్త బిక్షపతి పోయి ఇంకా వారం తిరగలేదు. ఆమె ముఖం వాచి ఉంది. స్టూలు మీద కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంది.

"లతమ్మా, దినాల నాడు ఆయన పాటల బుక్కు పంచుదామంటుండ్రు భజనోళ్లు. పాతయన్నీ అచ్చు బుక్కులల్ల ఉన్నయట గదా. ఇగ గా ఆఖరి పాట ఒక్కటి. నీ దగ్గర పెట్టిన్నని చెప్పిండు నాకు. గది గూడ ఎయ్యి బిడ్డా. గదే ముందుగాల పాడాలె."

"వేస్తాను పిన్నీ," అంది నాగలత.

నోరైతే అనేసింది గానీ, ఆ పాట తన దగ్గర లేదు.

బిక్షపతి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరై ఇక్కడ స్థిరపడిన మనిషి. ఏటా నవమికి భద్రాచలం నడిచివెళ్లే భజన బృందానికి ముందు నిలిచి పాడేది ఆయనే, పాట కట్టేదీ ఆయనే. చేతులు వణకడంతో రాయలేకపోయేవాడు. అందుకని ఈ షాపుకొచ్చి, ఈ స్టూలు మీదే కూర్చుని, బల్ల మీద అరచేత్తో తాళం వేస్తూ చెప్పేవాడు. నాగలత టైపు కొట్టేది. పెనుబల్లి నుంచి కోడలిగా వచ్చిన కొత్తలోనే ఖమ్మం వెళ్లి తెలుగు టైపు నేర్చుకుందామె. అప్పటినుంచీ అదే కీబోర్డు, అదే పాత సాఫ్ట్‌వేరు. మాట చెవిలో పడితే చాలు, వేళ్లు వాటంతటవే కదిలేవి.

ఆఖరి పాట చెప్పిన రోజున ఆయన ఖమ్మం దవాఖానాకు బయలుదేరి ఉన్నాడు. బస్సు ఆలస్యమైంది. ఆ కాస్త సందులో షాపుకొచ్చాడు. సగం ఊపిరి, సగం పాట.

"ఇది ఇప్పుడే ఎవ్వలకు ఇయ్యకు బిడ్డా. నేను మల్లొచ్చి రాగం కడుత," అని బస్సెక్కాడు.

నాగలత కంప్యూటరు తెర మీద సీతారాముల పటం ఉండేది. అచ్చయిపోయిన ఫైళ్లన్నీ ఆమె 'డి' డ్రైవులో వరుసగా సర్దేది. దేవుడి పాట, అందులోనూ ఇంకా దిద్దవలసినది, పెండ్లికార్డులూ ప్లాటు కాగితాల నడుమ పడేయడానికి మాత్రం ఆమెకు చేతులు రావు. అలాంటి ఫైలును లాక్కొచ్చి తెర మీద రాముడి పాదాల దగ్గర పెట్టేది. ఈ పాటనూ అక్కడే పెట్టింది. మనసులో దండం పెట్టుకుంది.

బిక్షపతి దవాఖానాలో ఉన్నప్పుడే కంప్యూటరులో సిస్టం మార్పించవలసి వచ్చింది. దరఖాస్తులు పెట్టే సైటు పాత సిస్టంలో తెరుచుకోవడం మానేసింది. పింఛను కోసం వచ్చిన ముసలివాళ్లు గంటలకొద్దీ కూర్చుని ఊరికే తిరిగి వెళ్తుంటే చూడలేకపోయిందామె. సీపీయూను పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. కండక్టరు నవ్వాడు. "ఏందక్కా, పెండ్లిపిల్లను తోల్కపోతున్నవా?" అంటూ తన సీటు పక్కన అరుగులా ఉన్న చోట దాన్ని జాగ్రత్తగా పెట్టించాడు. గుంతలు వచ్చినప్పుడల్లా ఒక చెయ్యి దాని మీద వేశాడు.

ఖమ్మంలో మెకానిక్ జానీ ఎన్నో ఏళ్లుగా తెలిసినవాడు. మోసం తెలియని మనిషి. పని మొదలుపెట్టే ముందు రెండుసార్లు అడిగాడు.

"అక్కా, డి మొత్తం కాపీ చేసిన. సి ఫార్మాట్ కొట్టాలె, ఉన్నదంత పోతది. అండ్ల నీయి ఏమన్న ఉన్నయా?"

"సి లో నావేం లేవు తమ్ముడూ. నావన్నీ డి లోనే."

ఆమె అబద్ధం చెప్పలేదు. తెర మీద రాముడున్న చోటు సి కాదు, డి కాదు. అది దేవుడి చోటు. ఆ చోటు కూడా సి లోపలిదేనని ఇన్నేళ్లలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమే రాలేదు.

షాపుకు తెచ్చి స్విచ్చి వేస్తే రాముడు లేడు. నీలిరంగు తెర ఒకటి వచ్చింది. మెయిల్ ఐడీ అడిగింది, పిన్ను అడిగింది, ఆమెకు తెలియని ప్రశ్నలేవేవో వేసి, ఉన్నట్టుండి తనంతట తానే ఆగి మళ్లీ మొదలైంది. పాత తెలుగు సాఫ్ట్‌వేరు ఇందులో నడవదని ఒక ముక్క చెప్పి ఊరుకుంది. కొత్త తెలుగుకు వేరే కీబోర్డు కొని, పాతదాన్ని బల్ల చివర పెట్టుకోవలసి వచ్చింది. పాట ఫైలు ఎక్కడా కనిపించలేదు. అయినా ఆ రోజున ఒక ఆశ మిగిలి ఉండేది. బాబాయి వస్తాడుగా, కాళ్ల మీద పడి మళ్లీ చెప్పించుకుందాం అనుకుంది.

బిక్షపతి వచ్చాడు. అంబులెన్సులో వచ్చాడు. మాట పడిపోయింది. నాగలత చూడటానికి వెళ్తే ఆమె వైపు చూసి, మంచం పట్టె మీద వేళ్లతో తాళం వేశాడు. ఆమె తల దించుకుని వచ్చేసింది.

ఇప్పుడు సారక్క వెళ్లగానే జానీకి ఫోను చేసింది. మాట పూర్తికాకముందే ఏడుపొచ్చింది. మర్నాడు అతను షాపు మూసుకుని బండి మీద చండ్రుగొండ వచ్చాడు. పోయినవాటిని వెదికే సాఫ్ట్‌వేరు ఒకటి పెట్టాడు. అది సగం దూరం పోయాక తెర నల్లబడింది. అప్‌డేట్ అవుతోంది, ఆపవద్దు అని వచ్చింది.

"ఇప్పుడేందిరా నీకు!" అని జానీ దాన్నే తిట్టాడు.

ఇద్దరూ చేతులు కట్టుకుని దాని ముందు కూర్చున్నారు. పక్కన టీ కొట్టు కవిత రెండు గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. తెర వెలిగి వెదుకులాట మళ్లీ మొదలయ్యాక, అర్జీ టైపు చేయించుకోవడానికి వచ్చిన ఒక రైతు, నాగలత కొత్త కీబోర్డు మీద 'తహసీల్దారు' అన్న మాటకే అవస్థ పడటం చూశాడు. 'త' కొడితే 'ప' పడుతోంది. ఒత్తు ఎక్కడుందో దొరకదు.

"పర్లేదమ్మా, తెల్లకాయితం ఇయ్యి, నేనే రాసుకుంట," అన్నాడతను మెల్లగా.

ఆ మంచితనానికి ఆమెకు ఇంకా సిగ్గేసింది. ఇన్నేళ్లుగా ఆమెకు వచ్చిన పని అదొక్కటే. ఆ ఒక్కటీ ఇప్పుడు చేతుల్లోంచి జారిపోతోంది.

చివరికి వెదకడం ముగిసింది. ఒక పేరు దొరికింది. 'బాబాయి కొత్త పాట' అని తను పెట్టిన పేరే. నాగలత రెండు చేతులూ జోడించింది. జానీ తెరిచాడు. లోపల చిన్న చిన్న పెట్టెలు. వరుస నిండా పెట్టెలు, పేజీ నిండా పెట్టెలు, ఒక్కదానిలోనూ అక్షరం లేదు.

"పోయిందక్కా. దాని మీద కొత్తది రాసేసింది," అన్నాడు జానీ. డబ్బు మాట ఎత్తితే చెవులు మూసుకున్నాడు. పోతూ పోతూ గడప దగ్గర ఆగి, "ఇంకోపారి అడగాల్సుండె నేను," అన్నాడు.

ఇక దాచడం పాపమనుకుంది నాగలత. మధ్యాహ్నం సారక్క వచ్చి స్టూలు మీద కూర్చోగానే అంతా చెప్పేసింది. దేవుడి పాదాల దగ్గర పెట్టిన సంగతి, సి సంగతి, పెట్టెల సంగతి. సారక్కకు డ్రైవుల గొడవ ఏం అర్థమైందో గానీ, పాట లేదన్నది అర్థమైంది. తెర వైపు చూసింది.

"దేవుని కాళ్లకాడ పెడితే దేవుడే తీస్కపోయె. ముసలోన్ని తీస్కపాయె, ముసలోని పాటను తీస్కపాయె. ఇగ నాకేం మిగిలిచ్చిండు?"

సారక్క ఆమె వైపు తిరిగింది.

"నువ్వే గద కొట్టినవ్. నీకు యాదికి లేదా?"

"టైపు కొట్టేటప్పుడు నాకు అర్థం తలకెక్కదు పిన్నీ. చెవిలో పడుతుంది, వేళ్లలోంచి పోతుంది. నడుమ నా దగ్గర ఆగదు."

"అయితే నిన్నెందుకు అడుగుడు? నీ చేతులనే అడుగు."

విసురుగా అన్న మాటే. కానీ నాగలత పాత కీబోర్డును దగ్గరికి లాక్కుంది. తెర ఆపేసింది. కళ్లు మూసుకుని వేళ్లను వాటి పాత చోట్ల ఉంచింది. అవి కదలలేదు. కాసేపటికి బల్ల మీద తాళం వినిపించింది. సారక్క అరచేత్తో వేస్తోంది, అచ్చం ఆయనలా, మూడో దెబ్బ దగ్గర కాస్త ఆగి.

వేళ్లు కదిలాయి. కదిలిన ప్రతి వేలి వెనుకా నాగలత పెదవి ఆ అక్షరాన్ని పలికింది.

"బాయిల దిగిననాడు బత్తివై వస్తివి..."

సారక్క తాళం ఆపలేదు.

"పైకెక్కి వచ్చిననాడు పొద్దువై నిలిస్తివి...

మంచాన వడ్డనాడు..."

వేళ్లు ఆగిపోయాయి. నాగలత మళ్లీ మొదటినుంచి కొట్టింది. బాయి, బత్తి, పొద్దు, మంచం. అక్కడికి వచ్చేసరికి మళ్లీ ఆగాయి. ఇంకోసారి. ఇంకోసారి. మంచం దగ్గర వేళ్లన్నీ ఎండు పుల్లల్లా నిలబడిపోతున్నాయి. "రామా, ఒక్క మాట, ఆ ఒక్క మాట ఇయ్యి తండ్రీ," అని పైకే అనేసింది. రాముడు ఇవ్వలేదు. ఆ రోజు బస్సు హారన్ కొట్టిందేమో, ఆయన గొంతు అక్కడ సన్నబడిందేమో. ఆమె కీబోర్డు మీద తల ఆనించేసింది.

సారక్క తాళం ఆపింది.

"మంచాన వడ్డనాడు నేనే గద పక్కన కూసున్నది. రాముడు ఏమై వచ్చిండో, అసలు వచ్చిండో రాలేదో, ఒక్క మాట జెప్పకపాయె ముసలోడు," అంది తనలో తాను. తర్వాత నాగలత వీపు మీద చెయ్యి వేసింది. "లే బిడ్డా. ఆడికే ఎయ్యి."

"సగం పాట ఎట్లా వేస్తాను పిన్నీ? భజనవాళ్లలో ఎవరినైనా అడిగి ఒక మాట అతికిద్దామా?"

"వద్దు. అతికిస్తే అది ఆయనది గాదు. ఖాళీ ఉంచు."

కొత్త కీబోర్డు మీద ఒక్కో అక్షరాన్నీ వెదికి వెదికి కొట్టింది నాగలత. రెండున్నర వరుసలు పూర్తయ్యేసరికి ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. బత్తి అన్న మాట నాలుగుసార్లు తప్పు పడింది, నాలుగుసార్లూ చెరిపింది. సారక్క కదలకుండా కూర్చునే ఉంది.

కాగితం బయటికి వచ్చాక సారక్క దాన్ని కళ్లకు అద్దుకుంది. ఆమెకు చదువు రాదు.

"ఖాళీ యాడుంది?" అంది.

నాగలత ఆమె వేలు పట్టుకుని మూడో వరుసలో మంచం దాటాక తెల్లగా మిగిలిన చోట పెట్టింది. సారక్క ఆ వేలిని మెల్లగా వరుస చివరిదాకా జరిపింది. మళ్లీ వెనక్కి తెచ్చింది.

"ఇంత జాగ ఉన్నదా!" అంది.