తూకం వేసిన అన్నం

మా ఇంటి పెద్దవాకిలి అంబారీ కట్టిన ఏనుగు తల వంచకుండా లోపలికి వచ్చేంత ఎత్తు. నా కాలానికి ఆ వాకిట్లోంచి వచ్చిపోయేది ఒక బర్రె మాత్రమే. అది కూడా పక్కింటివాళ్లది. అయినా అదీ తల వంచకుండానే వచ్చేది.

మా ఇంట్లో జొన్నరొట్టె చేసేవాళ్లం కాదు. జొన్నలు లేక కాదు, ఉన్నవి జొన్నలే. రొట్టె తడితే ఆ చప్పుడు వీధి చివరిదాకా వినబడుతుంది. పెద్దింట్లో ఏం తింటున్నారో ఊరికి తెలిసిపోతుంది. సంకటికి చప్పుడు లేదు. అందుకని అమ్మ రెండు పూటలా సంకటే కెలికేది. తలుపు వేసుకుని తిని, నేను అరుగు మీదికి వచ్చి నెయ్యి తిన్నవాడిలా మూతి తుడుచుకునేవాణ్ణి.

తుంగభద్ర కాలువలో నీళ్లు పారి కొన్నేళ్లయిన రోజులవి. కోస్తా నుంచి రైతులు వచ్చి కంప్లి చుట్టుపక్కల నల్లరేగళ్లను వరిమళ్లు చేశారు. నీళ్లొచ్చాక పాత కుటుంబాల కంచాల్లోకి ఏం వస్తోందో తెలుసుకోవడానికి బెంగళూరు నుంచి ఆర్థిక పరిశోధకులు దిగారు. ఇంటింటికీ తిరిగి తూచి రాయడానికి చదువుకున్న మనిషి కావాలన్నారు. ఎస్సెల్సీ ప్యాసై ఊరికే ఉన్న నన్ను తీసుకున్నారు. మా వంశంలో నెలజీతం చూసిన మొదటివాణ్ణి నేనే. మా ఊరి కాగితాలు పైవాళ్లకు నచ్చితే తాలూకా పని మొత్తం నాకే ఇస్తారు, నచ్చకపోతే మళ్లీ అరుగే గతి. అమ్మతో మాత్రం ఉద్యోగమనలేదు. సర్కారు నన్ను సలహా అడుగుతోందని చెప్పాను.

వండే ముందు గింజలు తూచాలి, వండాక కంచంలోకి ఎంత పోతోందో తూచాలి. అంతే పని. తక్కెడ మోసుకుని వీధిలో నడవడం నాకు కష్టంగానే ఉండేది గాని, దాన్ని కత్తి పట్టుకున్నట్టు నిటారుగా పట్టుకుని నడిచాను.

మొదటి ఇల్లు కూలిపని చేసుకునే ఒక అవ్వది. మా ఇంటి మగవాళ్లు ఊళ్లో ఇంకొకరి ఇంట్లో కూర్చున్న దాఖలా లేదు. కనుక లోపల ఎవరు ఏం తింటారో, ఏ పద్ధతులు పాటిస్తారో నాకు తెలియదు. అవ్వ వరి బియ్యం వండింది. అన్నం తూచి కుండలో తిరిగి వేయబోయాను.

"అయ్యో, ఏం పని చిన్నదొరా అది! తక్కెట్లో పడిన అన్నం మల్లా కుండలో ఏయకూడదప్పా. ఇంటికి మంచిది కాదు."

"మరేం చెయ్యాలి?"

"తూచినోడే తినాల. మా ఆచారం."

ఆచారాన్ని కాదనడం మా ఇంటి పద్ధతి కాదు. కూర్చుని తిన్నాను. పప్పు తూచమంది. అదీ తిన్నాను. నెయ్యి మాత్రం తూచక ముందే పోసేసింది.

ఏ ఇంటికి వెళ్లినా వరన్నమే, అదే ఆచారం. ఆ ఆచారాన్ని విడిగా, ముచ్చటైన దస్తూరీతో ఒక పేరా రాశాను. బెంగళూరులో పెద్దాయన దాన్ని చదివి ముచ్చటపడ్డారని తెలిసింది. కొన్నాళ్లకే నా చొక్కా గుండీలు పట్టడం మానేశాయి.

ఒకరోజు పొద్దున్నే మా పర్యవేక్షకుడు దిగాడు. గుంటూరు వైపు మనిషి. మా అరుగు మీద కూర్చుని కాగితాలన్నీ తిరగేశాడు.

"ఏమండీ, ఈ ఊళ్లో అందరూ వరన్నం, నెయ్యేనా? మా పెద్దాయన గారింట్లో కూడా ఇంత నెయ్యి వాడరండీ."

"కాలువ మహిమ" అన్నాను.

"బస్సు దిగి వీధంతా నడిచొచ్చానండీ. ప్రతి ఇంట్లోనూ రొట్టె తడుతున్న చప్పుడే. ఒక్క మీ ఇంట్లోనే వినబడలేదు."

ఆ చివరి మాటకు సంతోషించాను. మిగతా మాటల్లో సంతోషించడానికేమీ లేదు.

"ఇంట్లో కూర్చుని రాసుంటే ఇప్పుడే చెప్పెయ్యండి. లేదంటే వచ్చి చూపించండి. తేడా ఉంటే మాత్రం తక్కెడ ఇచ్చెయ్యాలి."

"మా వంశంలో అబద్ధం రాసినవాడు లేడు" అన్నాను. రాయడం వచ్చినవాళ్లే తక్కువ, అది వేరే సంగతి.

మేం వెళ్లేసరికి అవ్వ రొట్టె తడుతోంది. నన్ను చూడగానే పిండి మీద చేట బోర్లించి, గోడ మీదుగా అరిచింది.

"ఒసేయ్, చిన్నదొర వస్తాండాడు! బియ్యం బుట్ట యాడ ఉండాది?"

"ఎగవీధికి పోయింది, ఇంకా రాలా!" అంది గోడ అవతలి గొంతు.

"ఏ బుట్టమ్మా?" అన్నాడు పర్యవేక్షకుడు.

"ఊరి బుట్ట సార్. వరికోతల్లో కూలికిచ్చిన బియ్యం తలా కొంచెం ఏసి, పప్పూ నెయ్యీ కూడా పెట్టినాం. ఈయప్ప ఏ ఇంటికి పోతే బుట్ట ఆ ఇంటికి పోతాది."

"ఎందుకు?"

అవ్వ గొంతు తగ్గించినట్టే తగ్గించి, వీధికంతా వినబడేలా చెప్పింది. "వాళ్ల తాత కరువులో ఊరికి గంజి పోసినోడు సార్. ఈ బిడ్డ చూస్తే అప్పుడు కట్టెపుల్ల మాదిరి అయిపోయి ఉండె. పిలిస్తే రాడు, పెడితే తినడు. ఆ మెడ చూడు, ఎట్ల పెట్టుకున్యాడో! ఆచారమంటే తింటాడని మేమే పుట్టించినాం."

"మా ఇంట్లో ఏం తింటామో నీకెట్లా తెలుసు?" అన్నాను నేను.

"రొట్టె సప్పుడు లేదు, గంజి వార్చిన వాసన లేదు. సంకటి గాకుంటే ఇంకేం తింటారు దొరా, గాలా?"

పర్యవేక్షకుడు నవ్వు ఆపుకోవడానికి గోడవైపు తిరిగాడు. తిరిగి నావైపు చూసేటప్పటికి ముఖంలో నవ్వు లేదు. "ఇవన్నీ చించి మళ్లీ రాయాలండీ. మీరు అడిగితే ఈ ఊళ్లో ఎవరూ రొట్టె చూపించరు. వేరేవాళ్లని పెట్టుకుంటాం" అన్నాడు.

"చూపిస్తారు. మొదట మా ఇల్లు రాయండి" అన్నాను. ఆ మాట అన్నాక మెడ కొంచెం నొప్పి పుట్టింది.

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను, ఉద్యోగం సంగతితో సహా. ఆమె సంకటి తెడ్డు పక్కన పెట్టింది.

"అయితే సలహా కాదన్నమాట" అంది. తర్వాత, "పొయ్యి వాకిట్లోకి జరుపు. రెండు తలుపులూ తెరువు" అంది.

ఏనుగు వాకిలి బార్లా తెరిచి, దాని నడుమ కూర్చుని అమ్మ రొట్టె తట్టింది. ఎన్నేళ్లయినా చెయ్యి మరవలేదు. ఆ చప్పుడుకు వీధి వీధంతా బయటికి వచ్చింది. అందరికన్నా ముందు అవ్వ వచ్చింది.

"అమ్మణ్ణీ, రొట్టె మందమైనట్టుండాది!"

"నీ రొట్టె తెచ్చి చూపియ్. ఎవరిది మందమో తక్కెట్లోనే తేలిపోతాది."

పర్యవేక్షకుడు అమ్మ చేసిన రొట్టె తూచి, రాసుకుని, రొట్టెల బుట్టలో తిరిగి పెట్టబోయాడు.

"ఆగప్పా" అంది అమ్మ. "తక్కెట్లో పడింది మల్లా బుట్టలో ఏసేది లేదు. మా ఊరి ఆచారం. కూచో."

అతను నావైపు చూశాడు. నేను వాకిలి ఎత్తు చూస్తున్నాను. పాపం, కూర్చుని పుంటికూరతో, అంటే వాళ్లవైపు గోంగూరతో, రొట్టె మొత్తం తిన్నాడు. కారానికి కళ్లు తుడుచుకుంటూనే రెండోది కూడా తూచాడు.

మర్నాటి నుంచి ఏ ఇంట్లోనూ చేట బోర్లించలేదు. కాగితాలు మళ్లీ మొదటి నుంచి రాశాను. తక్కెడ నా దగ్గరే ఉండిపోయింది. చివర్న అంతా సరిచూస్తూ పర్యవేక్షకుడు ఆచారం పేరా దగ్గర ఆగాడు.

"ఇది కొట్టెయ్యాలి కదండీ?"

"అక్కర్లేదు. మా ఇంట్లో పాటించాక అది ఆచారమే" అన్నాను.