రైటరు గారు కట్టిన వేషం

మొన్న ఒక ఆఫీసులో వేలిముద్ర కోసం నా ముందు సిరా పెట్టె మూత తీశారు. ఆ ఘాటు వాసనకు నర్సీపట్నంలో మా షూటింగూ, రైటరు సన్యాసిరావు గారూ గుర్తొచ్చారు. మీరాయన్ని ఎరగరు. మా ఊళ్లో దస్తావేజులు రాసి రాసి జుట్టు నెరిసిన మనిషి. నాతవరం వైపు ఒక ముసలమ్మ జీడితోటను ఎవడో దొంగ దస్తావేజుతో అమ్మేసిన బాగోతం మీద నా తొలి సినిమా తీస్తూ, కాగితాల సంగతి చెప్పమని ఆయన్ని పిలిచాను.

అది వెటకారం సినిమా. మా ఆర్ట్ డైరెక్టర్ ముచ్చటపడి చేసిన దస్తావేజును ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు.

"ముద్ర అచ్చం గవర్నమెంటుదే అన్నట్టుందమ్మా. షూటింగయ్యాక ఎవడైనా పట్టుకుపోతే ఏటవుద్ది? సింహాలు తీసేసి పిల్లుల్ని ఎట్టండి" అన్నారు.

పెట్టాం. సినిమా చూసినవాళ్లలో ఒక్కరూ ఆ పిల్లుల్ని పసిగట్టలేదు.

కథలో ఒక రైటరు ఉన్నాడు. అమ్మేవాడు దొంగని తెలియక దస్తావేజు రాసిచ్చే తెలివితక్కువవాడు. ఆ పేజీలు చదివి ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"ఈ ఏసం నేనే కడతాను. ఆ ముసలమ్మ తోట కాగితం రాసింది నేనే" అన్నారు.

రాసిన దస్తావేజును అమ్మేవాళ్లకు పైకి చదివి వినిపించడం ఆయన అలవాటట. నాలుగు హద్దుల దగ్గరికొచ్చేసరికి అసలు సొంతదారైన రైతు ఊరుకోడు. తూర్పున కాలవ కాదు, బాట అంటూ అడ్డు తగులుతాడు. నోరు మెదపలేదంటే అనుమానించాల్సిందే. ఆ ఒక్కరోజు కొనేవాళ్లు బేగి కానిమ్మని తొందరపెడితే ఆయన చదవలేదు.

"సదివుంటే దొరికిపోయేవోడు. పోలీసులకి సెప్పాను, కోర్టులో సెప్పాను. ఊరోళ్లకే సెప్పలేదు" అన్నారు.

షూటింగ్ మొదలయ్యాక ఆ తోట కొన్నవాళ్ల మనుషులిద్దరు వచ్చి, రైటరు సీను తీసేయమని నాకు మర్యాదగానే చెప్పి వెళ్లారు. సాయంత్రానికి నిర్మాతా అదే పాట పాడాడు. నేను మెత్తబడ్డాను. ఆయన దగ్గరికెళ్లి, మీ పరువు కోసమే ఆ సీను వద్దనుకుంటున్నానండీ అన్నాను.

"నా పరువు నీకెవరప్పజెప్పారమ్మా?" అన్నారు నింపాదిగా. "తప్పు నాది. జనం నవ్వితే నవ్వనీ. భయం నీదైతే నీదని సెప్పు. తెచ్చి నా నెత్తినెట్టకు."

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు పొద్దున్న మొదట ఆ సీనే తీశాను.

సినిమా మా ఊరికొచ్చిన రోజు ఆయన ఆ ముసలమ్మను వెంటబెట్టుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నారు. తెర మీద ఆయన తడబాటుకు హాలంతా పగలబడి నవ్వింది. ఆమె నవ్వలేదు. తెర మీది రైటరు చదవకుండానే కాగితం మడిచేసరికి, "సదవండి బాబూ" అంది గట్టిగా. నవ్వులు ఆగిపోయాయి.

ఆయన లేచి నిలబడి, "సదవలేదమ్మా" అన్నారు, హాలంతటికీ వినపడేలా.

కేసు ఇంకా నడుస్తోంది. ఆయన లేరు. ఇప్పటికీ నేను ఏ సినిమా తీసినా, ఎవరో ఒకరి పరువు పేరు చెప్పి ఒక సీను వద్దనేవాళ్లు వస్తూనే ఉంటారు. భయంగానే ఉందని వాళ్ల మొహం మీదే చెబుతాను. సీను మాత్రం ఉంచుతాను.